గులాబీ వాసన వేసిన బ్రేకులు

ఎల్లయ్య కాకా ఇక లేడన్న కబురు నాకు మొదట చేర్చింది ఆయన కోడలు సుజాత. ఆమెను నేనెప్పుడూ చూడలేదు, ఆమె నన్ను చూడలేదు. కాకా ఫోనులో ఉన్న నంబర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, నా పేరు దగ్గర ఆగి, వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్కా, నమస్తే. మా మామ మొన్న పొద్దుగాల నిద్రలనే పాణం ఇడిసిండు. దుబాయ్‌ల మీరే మా సుట్టాలని ఎప్పుడు చెప్తుండె. సుట్టాలకు చెప్పకుంటె తప్పయితది గద, అందుకే చెప్తున్న." మేము దుబాయ్ మొహం కూడా చూడలేదు. బతుకంతా ఈ దోహాలోనే గడిచింది. కానీ వాళ్ళ ఊళ్ళో సముద్రం దాటినదంతా దుబాయే. సుట్టాలు అన్న మాటను మాత్రం నేను రెండుసార్లు వెనక్కి పెట్టి విన్నాను. ఇన్నా లిల్లాహి అనుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, అల్ హిలాల్‌లోని మా ఇంటి కిటికీ దగ్గర కూర్చుండిపోయాను.

కింద మా అబ్బాయి కారుకు ముందు బ్రేక్ ప్యాడ్లు మారుస్తున్నారు. ఈ రోజుల్లో ఆ పనికి ఫోనులో వేలు పెడితే చాలు, వ్యాను వేసుకుని మనిషి గుమ్మం ముందుకొస్తాడు. ఆ కుర్రవాడు చేతులకు నీలం తొడుగులు వేసుకుని, చక్రం ఊడదీసి, పాతవి తీసి, కొత్తవి పెట్టి, ఫొటో కొట్టి మా అబ్బాయికి పంపించి, చక్రం బిగించేశాడు. నేను చాయ్ పంపితే, "నో థాంక్స్ మేడమ్, ఇంకో కస్టమర్ ఉన్నాడు" అని నవ్వి వెళ్ళిపోయాడు. మంచి పిల్లవాడు, అల్లా అతన్ని చల్లగా చూడాలి. పని కూడా చక్కగా చేశాడు. కానీ అంత నిశ్శబ్దంగా బ్రేకులు మార్చవచ్చునని నాకు ఈ వయసులో తెలిసింది. మా ఇంట్లో ఆ పని జరిగినరోజు ఒక ముసలామె హృదయం దాదాపు పగిలింది, బలదియా, అంటే ఇక్కడి మున్సిపాలిటీ వాళ్ళ చెత్త డబ్బా ఒకటి సొట్టపోయింది, మూడు పిల్లులు వీధి వదిలి వెళ్ళిపోయాయి. కళ్ళలో నీళ్ళు ఉండగానే నాకు నవ్వొచ్చింది. కాకా ఉంటే ఆయనే ముందు నవ్వేవాడు.

అప్పుడు మేము ఉమ్ ఘువైలినాలో ఒక పాత విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటాల్లో, కింది వాటాలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు గోడ కట్టిన వాకిలి, వాకిట్లో రేకుల నీడ, ఆ నీడ కింద మా తెల్ల కారు. అబ్బా, అంటే మా నాన్న, ఒక కంపెనీలో స్టోర్ కీపర్. మాది నిర్మల్. నేను బడికి పోలేదు. మేము వచ్చిన ఏడు బడిలో సీటు దొరకలేదు, మరుసటి ఏటికి ఇంటి చదువే అందరికీ అలవాటైపోయింది. అమ్మీ తెలుగు, సైన్సు చెప్పేది. దాదీమా, అంటే అబ్బా వాళ్ళమ్మ, ఖురాన్, ఉర్దూ చెప్పేది. లెక్కలు అబ్బావి. మా బడికి గోడలు లేవు కనుక సెలవులూ లేవు. పాలు పొంగితే అదొక పాఠం, ఫ్యూజు పోతే అదొక పాఠం. ఇప్పటికీ నాకు ఏదైనా తెలుసునంటే, అది ఎవరో ఒకరు చేయి ఆడిస్తూ చెప్పిన మాట వల్ల తెలిసినదే. ఆ చేతులన్నిటికీ నేను రుణపడి ఉన్నాను.

మా ఇంటి శుక్రవారాలకు ఒక వాసన ఉండేది. తెల్లవారగానే దాల్చా కోసం ఉడుకుతున్న పప్పు, అబ్బా కుర్తా మీద ఇస్త్రీ పెట్టె లేపిన ఆవిరి, వాటన్నిటి మీద దాదీమా గులాబీ అత్తరు. ఆమెకు ఒక చిన్న ఇత్తడి అత్తరుదాను ఉండేది. జుమ్మా పొద్దున ఇంట్లో ఉన్న ప్రతి ప్రాణి చెవి వెనకా ఒక చుక్క పడవలసిందే. ఇది కాక ఇంకో నియమం. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా బిస్మిల్లా అని దానికి అత్తరు రాయనిదే ఆమె వాడనిచ్చేది కాదు. కొత్త చెప్పులకు రాసేది. నా పలకకు రాసింది. కొత్త ఫ్రిజ్ వచ్చినప్పుడు తలుపు లోపలి వైపు ఎంత ఉదారంగా రాసిందంటే నెల రోజులు మేము గులాబీ పెరుగు తిన్నాం. "అల్లా కొత్తది ఇచ్చిండు. ఉత్త చేతుల్తోని తీసుకుంటరా?" అనేది.

ఎల్లయ్య కాకా మాకు రక్తసంబంధం కాదు. నిర్మల్ పక్క పల్లెటూరాయన. సైట్లలో షట్టరింగ్ పని. అబ్బా, ఆయన ఒక బకాలా కొట్టు దగ్గర చింతపండు కోసం గొడవపడుతూ ఒకరి యాసను ఒకరు పట్టేశారట. అప్పటినుంచి ప్రతి శుక్రవారం లేబర్ క్యాంపు నుంచి బస్సెక్కి మా ఇంటికి రావడం, మాతో బువ్వ తినడం, అబ్బా నమాజుకు పోయి వచ్చేలోపు వాకిట్లో ఒక కునుకు తీయడం. దసరాకు మా కారు బానెట్ మీద పసుపు కుంకుమ బొట్టు పెట్టేది ఆయనే. కారు లోపల అద్దానికి దాదీమా ప్రయాణపు దుఆ రాసిన కాగితం వేలాడేది. అబ్బా ఎవరినీ కాదనలేదు. "బయట ఎల్లయ్య చూసుకుంటడు, లోపల అమ్మాజాన్ చూసుకుంటది, నాకు స్టీరింగ్ పట్టుకునుడే పని" అనేవాడు.

ఆ ఏడు దాదీమాకు ఉమ్రా, అంటే మక్కా యాత్ర యోగం పట్టింది. ఆమె పుట్టిన దగ్గరనుంచి అడుగుతూ వచ్చింది ఆ ఒక్కటే. తాతకు చేయించే స్తోమత లేకపోయింది. ఇప్పుడు అబ్బాకు సెలవు దొరికింది, అందరి పాస్‌పోర్టుల్లో ఉమ్రా వీసా పడింది, కారులో సల్వా దగ్గర సౌదీ సరిహద్దు దాటి మక్కా దాకా రోడ్డు మీదే పోవడమని నిర్ణయమైంది. సెలవు ముగిస్తే మళ్ళీ ఎప్పుడో తెలియదు. పైగా మరుసటి నెలలో దాదీమా నిర్మల్ వెళ్ళిపోతోంది, మోకాళ్ళ నొప్పులతో ఇక తిరిగి రానని చెప్పేసింది. కాబట్టి ఇప్పుడు పోతే పోయినట్టు, లేకుంటే లేనట్టు. శుక్రవారం సాయంత్రం బయలుదేరాలి. బుధవారం నుంచి కారు బ్రేకు తొక్కితే చాలు, ఇనుము మీద ఇనుము గీసినట్టు కీచుమని ఏడవడం మొదలుపెట్టింది.

"ప్యాడ్లు అరిగినయ్. గంట పని. నేనే చేస్త" అన్నాడు అబ్బా. గ్యారేజీకి ఇద్దామని అమ్మీ అంటే, మక్కాకు పోయే బండి మీద ఎవరి చెయ్యో ఎందుకు పడాలి అన్నాడు. గురువారం డ్యూటీ నుంచి వస్తూ కొత్త ప్యాడ్ల పెట్టె తెచ్చాడు. జీవితంలో అంతకు ముందు ఆయన విప్పిన అతి పెద్ద యంత్రం మా మిక్సీ. అది మళ్ళీ తిరగలేదు. ఈ సంగతి మా అందరికీ గుర్తుంది, కానీ ఎవరూ పైకి అనలేదు.

శుక్రవారం పొద్దున ఎల్లయ్య కాకా కొంచెం ముందే దిగాడు, చేతిలో సైటు మీద చెక్కలు బిగించే ఇనుప శికంజా. "గిదేందుకు ఎల్లయ్యా?" అంటే, "ఏమో భాయ్, బిగిచ్చే పని అన్నరు గద, ఉంటె మంచిది" అన్నాడు. తరువాత తెలిసింది, ప్యాడ్లను నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెట్టడానికి సరిగ్గా అలాంటిదే కావాలని. అమ్మీ ఇదే అదనని నా చేత సైన్సు పుస్తకం తెప్పించి, కారు పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. "ఈ రోజు పాఠం రాపిడి. చదువు." నేను గట్టిగా చదివాను, రాపిడి లేకపోతే మనం నడవలేము, కదిలేది ఆగదు, అని. చక్రం బోల్టు రాక అబ్బా పాన మీద రెండు కాళ్ళతో నిలబడి ఊగుతున్నాడు. "కదలనిదాని గురించి ఏమన్న రాసిండ్రా బేటీ అందుల?" అని అడిగాడు. ఎల్లయ్య కాకా నవ్వి నవ్వి జాకీ హ్యాండిల్ కాలి మీద పడేసుకున్నాడు.

ఎట్టకేలకు రెండు ముందు చక్రాలూ ఊడాయి. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టారు. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్లు విప్పి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టారు. పాత ప్యాడ్లు బయటికి వస్తే, వాటి మీద ఇక అరగడానికి ఏమీ మిగల్లేదు. అబ్బా కొత్త పెట్టె విప్పి, నాలుగు ప్యాడ్లనూ ఒక తెల్ల గుడ్డ మీద వరసగా పేర్చి, దాదీమా కూర్చున్న నవారు మంచం పక్కన పెట్టాడు. అంతలో అమ్మీ చాయ్ అంది. మగవాళ్ళిద్దరూ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు, నేను గ్లాసులు అందుకోవడానికి వెళ్ళాను. వాకిట్లో దాదీమా, నాలుగు కొత్త వస్తువులు మిగిలాయి.

తిరిగి వచ్చి అబ్బా ఒక ప్యాడ్ చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. ఆయన మొహంలో గర్వం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. "చూసినవా ఎల్లయ్యా, అసలు మాల్ అంటే ఇదీ. పైన పూత చూడు, నిగనిగ మెరుస్తుంది. కంపెనీ వాళ్ళే ఇట్ల చేసి పంపిస్తరు."

"మంచిగ నునుపున్నయ్ భాయ్," అన్నాడు కాకా, వేలితో నిమిరి. "చెయ్యి జారుతుంది."

వాసన ఎవరికీ తెలియలేదు. తెలిసే వీలే లేదు. ఆ రోజు జుమ్మా, అబ్బా చెవుల వెనకా అత్తరే, కాకా చెవుల వెనకా అత్తరే, నా సైన్సు పుస్తకం కూడా గులాబీ వాసనే వేస్తోంది. ప్యాడ్లు బిగించారు. శికంజాతో పిస్టన్ నెట్టారు. చక్రాలు ఎక్కించారు. అబ్బా సీట్లో కూర్చుని పెడల్ గట్టిపడేదాకా తొక్కాడు. కాకా జేబులోంచి కుంకుమ పొట్లం తీసి రెండు టైర్లకూ బొట్టు పెట్టాడు. దాదీమా మంచం మీదనుంచే దుఆ చదివి ఊదింది. పని అయిపోయింది. గంట పని నమాజు వేళ దాకా సాగింది, అంతే.

భోజనాలయ్యాక పరీక్ష. అబ్బా స్టీరింగ్ దగ్గర, కాకా పక్క సీట్లో. మేము గేటు దగ్గర. కారు వీధి చివరి దాకా వెళ్ళి, మలుపు తిప్పుకుని, మావైపు మెల్లగా వచ్చింది. కీచు లేదు. ఒక్క చప్పుడు లేదు. అమ్మీ "మాషా అల్లా" అంది. కారు గేటు ముందు ఆగాలి. ఆగలేదు. చాలా మర్యాదగా, పెళ్ళి ఊరేగింపు నడకలో, మమ్మల్ని దాటుకుని పోయింది. కిటికీలోంచి అబ్బా మొహం కనిపించింది, పళ్ళు బిగించి ఉన్నాయి. పక్కన కాకా తన కాళ్ళతో తానూ బ్రేకు తొక్కుతున్నాడు, అక్కడ బ్రేకు లేకపోయినా. "ఆపు భాయ్!" అన్న కేక, "ఆగుతలేదు!" అన్న కేక, ఆ తరువాత ధన్‌మని ఒక మోత. బలదియా చెత్త డబ్బా పక్కకు ఒరిగింది, పిల్లులు మూడు దిక్కులకు ఎగిరాయి. కారు ఆగింది. ఇద్దరికీ గీత కూడా పడలేదు, అల్‌హమ్దులిల్లాహ్. ముందు బంపర్ మీద ఎవరో తిని పారేసిన చేప ముల్లు ఒకటి అంటుకుని వేలాడుతోంది.

హ్యాండ్ బ్రేకు పట్టుకుంటూ ఇంచి ఇంచిగా కారు వాకిట్లోకి తెచ్చారు. మళ్ళీ జాకీ, మళ్ళీ చక్రం. కాలిపర్ విప్పగానే, తొక్కి తొక్కి వేడెక్కిన ప్యాడ్ల మీదనుంచి సన్నటి పొగ లేచింది. ఆ పొగ వాకిలంతా నిండింది. గులాబీ తోట తగలబడితే అలాంటి వాసన వస్తుందేమో. అబ్బా ప్యాడ్‌ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. తరువాత మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు.

"దీనికి ఎవరు ఏం రాసిండ్రు?"

దాదీమా చేతిలో తస్బీ పూసలు తిరగడం ఆగింది. నేను చూశాను. ఎల్లయ్య కాకా కూడా చూశాడని ఇప్పుడు నాకు తెలుసు, ఎందుకంటే వెంటనే ఆయనే ముందుకు జరిగాడు.

"నేనే భాయ్. పసుపు తడిపి కొంచెం రాసిన. కొత్త సామాను గద అని."

"పసుపా?"

"ఔ, పసుపే."

"గులాబ్ వాసనొస్తుంది ఎల్లయ్యా."

కాకా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా ఊరి పసుపు గట్లనే వస్తది భాయ్. మా దిక్కు నేల అసొంటిది."

అమ్మీ దుపట్టా నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. అబ్బా నిర్మల్‌లో పుట్టినవాడు, ఆ నేల ఎలాంటిదో ఆయనకూ తెలుసు. అయినా ప్యాడ్‌ను ఇంకోసారి వాసన చూశాడు, కాకా మొహం అంత నిజాయితీగా ఉంది. అప్పుడు మంచం మీదనుంచి దాదీమా గొంతు వచ్చింది.

"చాలు ఎల్లయ్యా. నా గునాను, నా తప్పును నీ నెత్తికి ఎందుకు ఎత్తుకుంటవ్ బిడ్డా? అత్తరు నేనే రాసిన. సీసా సగం పోసి రాసిన." ఆమె అబ్బా వైపు చూడలేదు. "కాబా ముంగట నిలబడే బండి. కొత్త సామాను. వాసన లేకుంట ఎట్ల పోతది అనుకున్న. బ్రేకుకు నూనె తగులొద్దని నాకేం ఎరుక?"

మేము నవ్వబోయాం. అబ్బా పెదవుల దాకా వచ్చింది కూడా. కానీ దాదీమా నవ్వలేదు. తస్బీ కళ్ళకు అద్దుకుని పక్కన పెట్టింది. "నేను రాను. మీరు పోండ్రి. పిలుపు లేనిదే ఎవరూ ఆ అల్లా ఇంటికి పోలేరు. నన్ను పిలవలేదు. పిలిస్తే నా చేతుల్తోనే ఇట్ల చేయనిస్తుండెనా?" అంది. అబ్బా ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మళ్ళీ ప్యాడ్లు తెస్తానన్నాడు, అంగళ్ళు సాయంత్రం అసర్ నమాజు తరువాత తెరుస్తారన్నాడు, రేపు పొద్దున బయలుదేరుదామన్నాడు. అమ్మీ బతిమాలింది. నేను ఏడ్చాను. దాదీమా కోపంతో మొండికేస్తే మేము ఏదో ఒకటి చేసి గెలిచేవాళ్ళం. ఇది కోపం కాదు. అల్లా తనను వద్దన్నాడని ఆమె నిజంగా నమ్మింది. ఆ వయసున్న మనిషి, జన్మంతా అడిగినదాన్ని తనే ముడివేసి పక్కన పెట్టేయడం చూడలేక అబ్బా లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఎల్లయ్య కాకా అప్పటిదాకా బంపర్ మీది చేప ముల్లును కట్టెపుల్లతో గీకుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "అమ్మా, ఒక మాటంటె ఏమనుకోవు గద. మీ దేవుని సంగతి నాకు తెల్వది."

"అను."

"గీ బండి సల్వా కాడ ట్రక్కుల నడుమ ఆగకపోతె ఏమయితుండె? నువ్వు, భాయ్, వదినె, బిడ్డ, అందరు ఒక్కకాడనే పోతుండిరి. రాకుంట చేసుడే ఆయన మనసుల ఉంటె గక్కడి దాంక ఎందుకు పోనియ్యడు? ఇంటి ముంగట చెత్త డబ్బాకు ఆనిచ్చి ఆపిండు. పిల్లులు గూడ బతికినయ్. పిలిసినోడు గాకుంటె గింత మెల్లగ ఎవలు ఆపుతరమ్మా?"

దాదీమా తలెత్తి ఆయన్ని చూసింది. ఆమె పుస్తకాలు చదివిన మనిషి, మా వీధిలో ఆడవాళ్ళకు దీన్, అంటే మతం విషయంలో ఏ సందేహం వచ్చినా ఆమెనే అడిగేవారు. చివరికి, "ఇది నాకు ఎందుకు తోచలేదు?" అని మెల్లగా అంది. ఆ తరువాత తస్బీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అబ్బా గోడవైపే ఉండి ముక్కు చీదుకున్నాడు.

తరువాతి పనంతా నవ్వులతోనే సాగింది. అసర్ కాగానే ఇద్దరూ టాక్సీలో పోయి ఇంకో జత తెచ్చారు. ఈసారి పెట్టెను అబ్బా దాదీమాకు ఆమడ దూరంలో, కాకా చంకలో ఉంచాడు. నూనె అంటిన డిస్కులను అమ్మీ గిన్నెల సబ్బుతో, పీచుతో, రొట్టెల పెనం తోమినట్టు తోమి పారేసింది. నన్ను పాఠం మళ్ళీ మొదటినుంచి చదవమన్నారు, ఈసారి నూనె రాపిడిని తగ్గిస్తుంది అన్న వాక్యం దగ్గర అందరూ దాదీమా వైపు చూశారు. "నాకు చదవొస్తది, ముందే చెప్పచ్చు గద" అంది ఆమె. సందె చీకటికి ముందే అబ్బా వీధిలో నాలుగుసార్లు తిప్పాడు. ప్రతిసారీ గేటు ముందు గుంజపాతినట్టు ఆగింది. ప్రతిసారీ కాకా చప్పట్లు కొట్టాడు.

మరునాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని బయలుదేరాం. ఎల్లయ్య కాకా ఆ రాత్రి వాకిట్లోనే పడుకున్నాడు, మమ్మల్ని సాగనంపి క్యాంపుకు పోదామని. కారు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి, తల గోక్కుంటూ, సిగ్గుపడుతూ, "అమ్మా, గక్కడ నా మాట గూడ ఒకటి చెప్తవా? ఇంటికాడ మా బర్రె కడుపుతోని ఉంది. పోయినసారి దూడ దక్కలే. ఇంట్ల ఆడోళ్ళు మస్తు ఏడ్సిండ్రు," అన్నాడు. దాదీమా దాన్ని చిన్న మాటగా తీసుకోలేదు. కాబా కనపడగానే మొదటి చూపులో అడిగింది దక్కుతుందంటారు. అప్పుడు ఆమె కళ్ళు తుడుచుకుంటూ, నా భుజం పట్టుకుని, తన పాపాల గురించి, కొడుకు గురించి, నా చదువు గురించి అడిగి, ఆ తరువాత అదే గొంతుతో బర్రె గురించి అడిగింది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. తిరిగి వచ్చాక మేము మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్ళు కాకా రెండు చేతులా అందుకుని, "చెప్పినవా అమ్మా?" అంటే, "నీ పేరు, నీ పెండ్లాం పేరు, పిల్లల పేర్లు, బర్రె సంగతి, అన్నీ చెప్పిన. అల్లాకు నువ్వు ఎవరో ఇప్పుడు బాగ ఎరుకే" అంది. ఇంటినుంచి ఫోను వచ్చింది తరువాత. దూడ బతికింది. పెయ్య. దానికి వాళ్ళు మక్క అని పేరు పెట్టుకున్నారట.

ఇప్పుడు దాదీమా లేదు, అబ్బా, అమ్మీ లేరు. ఉమ్ ఘువైలినాలో ఆ విల్లా కూలగొట్టి అంతస్తుల ఇల్లు కట్టారు. మా అబ్బాయి కారు బ్రేకు తొక్కితే చప్పుడు లేకుండా ఆగుతుంది, ఎవరు మార్చారో మాకు పేరు కూడా తెలియదు. ఇది మంచిదే, సుఖమే, అల్లాకు షుకర్, కృతజ్ఞత చెప్పుకోకపోతే తప్పు. కానీ ఒక పని చెడిపోతే చుట్టూ చేరి, ఒకరి తప్పును ఇంకొకరు తమ మీద వేసుకునే మనుషులు ఉన్న వాకిట్లో నేను చదువుకున్నాను, దానికి ఇంకా ఎక్కువ షుకర్ చేసుకుంటాను. మనిషి అబద్ధమాడకూడదని నాకు నేర్పింది దాదీమాయే. ఆ పసుపు అబద్ధాన్ని మాత్రం ఆమె చివరిదాకా ఎంతో ప్రేమగా తలుచుకునేది.

సుజాతకు తిరిగి ఫోను చేశాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకుని కాసేపు ఏడ్చుకున్నాం. ఇది చదివిన మీరు ఏ దేవుణ్ణి కొలిచినా, ఏ భాషలో కొలిచినా సరే, ఈ పూట ఒక్కసారి నిర్మల్ పక్క పల్లె షట్టరింగ్ ఎల్లయ్యను తలుచుకోండి. మా దాదీమా కోసం ఆయన మాట్లాడాడు. ఆయన కోసం అల్లా ముందు మాట్లాడడానికి ఆ వాకిట్లోవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను, నా గొంతు చిన్నది.